కువైట్ ఫోనుకు 5జీ ప్లాన్ వేయాలా, వద్దా?

దేవునికడప:
మా తమ్ముడు కువైట్ నుండి వస్తూ నాకొక 5జీ ఫోను తెచ్చాడు. కడప పట్టణంలో 5జీ అందుతున్నది గానీ సిద్ధవటం దగ్గర మా ఊరిలో ఇంకా 4జీయే దిక్కు. రోజుకు 2 జీబీ ప్లాన్ వేసుకుంటే 5జీ అపరిమితమని తమ్ముడు పట్టుబడుతున్నాడు. నాకేమో దండగ అనిపిస్తున్నది. ఇంకొక విచిత్రం కూడా ఉంది. ఎవరైనా ఫోన్ చేసినప్పుడు మోగేసరికే పైనున్న 4జీ గుర్తు పోయి ‘ఈ’ అనే ఇంగ్లిషు అక్షరం వస్తుంది, మాటలు ముగిసేదాకా ఇంటర్నెట్ ఆగిపోతుంది.

ఆదోనిదుకాణం:
మీ ప్రశ్న కంటే మీరు చివర చెప్పిన విచిత్రమే ముఖ్యమైనది. 4జీ అసలు ఇంటర్నెట్ కోసం పుట్టిన నెట్‌వర్క్. దాని మీద మాట కూడా నడవాలంటే వోల్టీ (VoLTE) అనే ఏర్పాటు ఫోనులో ఉండాలి. మీ ఫోనులో అది పనిచేయనందువల్ల కాల్ రాగానే 2జీకి దిగిపోతున్నది, ఆ ‘ఈ’ గుర్తు 2జీదే. మీ సంస్థకు 2జీ ఉంది గనుక సరిపోయింది. 2016లో 4జీతోనే మొదలైన జియోకు 2జీ, 3జీ లేవు. అక్కడైతే మీ ఫోనుకు కాల్ కలవడమే కష్టమయ్యేది. గల్ఫ్‌లో అమ్మే కొన్ని ఫోన్లలో మన దేశపు సంస్థలకు వోల్టీ అమర్చి ఉండదు. సెట్టింగుల్లో ఆ మీట ఉందో లేదో ముందు చూడండి.

గుత్తికోట:
ఇంత లోతుకు పోవడం ఎందుకో నాకు అర్థం కాదు. 5జీ మన దేశంలో 2022 అక్టోబరులో మొదలైంది, నేడు కాకపోతే రేపు మీ ఊరికీ వస్తుంది. 5జీ ఫోను చేతిలో ఉంచుకొని 4జీ ప్లాన్ వేయడమంటే మోటారు బండి కొని ఎద్దులు కట్టి లాగించడమే. తమ్ముడి మాట వినండి.

ఆదోనిదుకాణం:
గుత్తివారి పోలిక బాగుంది గానీ, ఆ బండి ఏ దారిలో పోగలదో చూడాలి కదా. ఎయిర్‌టెల్ తన 5జీని మొదట 4జీ ఆధారంగా, ప్రధానంగా ఎన్78 అనే బ్యాండు, అంటే తరంగాల పట్టీ, మీద నడిపింది. జియో విడిగా నిలబడే 5జీ పెట్టి, ఎన్78తో పాటు 700 మెగాహెర్ట్జ్ ఉన్న ఎన్28ను కూడా వాడుతున్నది. 700 వంటి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు దూరం పోతాయి, గోడలనూ కొంత దాటుతాయి. ఎన్78 వేగం ఇస్తుంది గానీ దాని చేయి పొట్టి. నాపరాళ్ల గోడలు, మట్టి కప్పిన మిద్దె ఉన్న మన పల్లె ఇళ్లలో ఈ తేడా వాకిట్లో ఒకటిగా, నట్టింట్లో ఒకటిగా కనిపిస్తుంది. కాబట్టి పెట్టె మీది 5జీ అక్షరాలను కాక, తయారీదారు వెబ్‌సైటులో మీ మోడల్ నంబరు ఎదుట ఉన్న బ్యాండ్ల జాబితాను చూడాలి. ఒకే పేరుతో అమ్మే ఫోనుకు దేశాన్ని బట్టి మోడల్ నంబరూ బ్యాండ్లూ మారుతుంటాయి.

పత్తికొండమాస్టారు:
ఒక్క మాట. జియో, ఎయిర్‌టెల్ రెండూ 2024 జూలైలో ధరలు పెంచినప్పుడు అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, అంతకు పైబడిన ప్లాన్లకే పరిమితం చేశాయి, అంటే మీరు కట్టే అదనపు సొమ్ములో కొంత ఊరిలో లేని వస్తువుకే పోతున్నది. మా అమ్మగారిది బటన్ల ఫోను, ఆమెకు ఇంటర్నెట్టే అక్కరలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధనలు సవరించి మాటలకూ ఎస్ఎమ్ఎస్‌లకూ మాత్రమే పనికివచ్చే ప్లాన్లు కూడా ఉంచాలన్నాక, ఆమెకు అదే వేయిస్తున్నాను. దుకాణాల్లో అడిగితే తప్ప చెప్పరు. ఆదోనివారు అన్యథా భావించకూడదు.

ఆదోనిదుకాణం:
భావించను మాస్టారూ. నిజమే, మేము తరచూ చెప్పము.

దేవునికడప:
సెట్టింగుల్లో వోల్టీ మీటే లేదు. అనుమానం తీరక నా సిమ్ తీసి, మా ఆవిడ కడపలో కొన్న ఫోనులో వేసి, అదే వసారాలో, అదే స్తంభం పక్కన నిలబడి తమ్ముడి చేత ఫోన్ చేయించాను. మాట్లాడుతున్నంతసేపూ 4జీ గుర్తు కదలలేదు. తప్పు టవరుది కాదని తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు. మోడల్ నంబరు పట్టుకొని వెతికితే జాబితాలో ఎన్78 ఉంది, ఎన్28 లేదు. ఈ నెలకు చిన్న ప్లానే వేశాను. కువైట్ ఫోనును ఫొటోలకూ పిల్లల పాఠాలకూ వైఫై మీద వాడుకుంటాము.