4 టీబీ షేర్ ఫోల్డర్ 109 జీబీయే చూపిస్తోంది, పాత ఫొటోలు ఏవీ కనబడట్లేదు

లాంతర్ల_స్టూడియో:
అందరికీ నమస్కారమండి, మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర చిన్న ఫొటో స్టూడియో. మేడమీద ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు సర్వర్ (లైనక్స్ ఓఎస్) వేసి, సాంబా అనే షేరింగ్ ప్రోగ్రామ్‌తో ఒక ఫోల్డర్ షేర్ చేసుకున్నాం, కింద షాపులో రెండు విండోస్ సిస్టమ్‌లు దాంట్లోకే సేవ్ చేస్తాయి. ఓఎస్ 120 జీబీ ఎస్ఎస్‌డీలో, ఫొటోలు యూఎస్‌బీకి తగిలించిన 4 టీబీ డిస్కులో. మొన్న గాలివానకి రాత్రంతా కరెంటు లేదు, పొద్దున్న వచ్చాక సర్వర్ దానంతట అదే లేచింది, షేర్ ఓపెనయింది గానీ లోపల ఖాళీ, సిరిమాను పండగ ఫొటోలు లేవు, పెళ్లిళ్ల ఫోల్డర్లు లేవు. విచిత్రం ఏటంటే ఆ రోజే మా కుర్రాడు కొత్త పెళ్లి ఫైళ్లు ఎక్కిస్తే ఎక్కాయి, సాయంత్రానికి డిస్క్ ఫుల్ అని ఆగిపోయింది. ఇదివరకు సైజు 3.6 టీబీ చూపించేది, ఇప్పుడు 109 జీబీ. రిపేరు షాపులో డిస్కు పోయింది ఫార్మాట్ కొట్టాలంటున్నారు, అవతల పెళ్లివాళ్లకి ఆల్బమ్ ఇవ్వాలి, భయంగా ఉంది, ఏటి చెయ్యమంటారు?

బొబ్బిలి_లైనక్స్:
ఫార్మాట్ మాత్రం చెయ్యకండి సార్, మీ ఫొటోలు ఎక్కడికీ పోలేదనే నా నమ్మకం. 109 జీబీ అంటే అది మీ 120 జీబీ ఎస్ఎస్‌డీకి సిస్టమ్ చూపించే సైజే. డిస్కు మౌంట్ అవలేదు, అంటే దాని ఫోల్డర్‌కి తగులుకోలేదు, దాన్ని తగిలించాల్సిన ఫోల్డర్ మాత్రం ఎస్ఎస్‌డీలో ఖాళీగా ఉంది కదా, సాంబాకి ఆ తేడా తెలీదు, దాంట్లోనే రాసుకుంటూ పోయింది. డిస్కులన్నీ చూపించే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి డిస్కు కనబడుతోందా, ఏ పేరుతో ఉందో చెప్పండి. ఏ డిస్కు ఏ ఫోల్డర్‌కి తగలాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో దాని పేరు ఎస్‌డీబీ1 అని రాసి ఉందా? సర్వర్‌కి ఇంకేమైనా యూఎస్‌బీ తగిలించి ఉందా?

లాంతర్ల_స్టూడియో:
అవునండి ఎస్‌డీబీ1 అనే ఉంది, మా బావమరిది సెట్ చేసి ఇచ్చాడు. కార్డ్ రీడర్ ఒకటి కార్డుతో సహా వెనకాల ఉండిపోయింది, ఇప్పుడు ఎస్‌డీబీ అంటే అదే, 4 టీబీది ఎస్‌డీసీ అని చూపిస్తోంది.

బొబ్బిలి_లైనక్స్:
దొరికింది. ఆ పేర్లు స్థిరం కాదు, బూట్ అయినప్పుడు ఏది ముందు కనబడితే దానికి ఆ అక్షరం వస్తుంది. ముందు సాంబా ఆపండి. కరెంటు పోయి ఆగిన డిస్కు కాబట్టి మౌంట్ చెయ్యకముందే డిస్కులో తప్పులు వెతికి సరిచేసే ఎఫ్ఎస్‌సీకే ఒకసారి నడపండి. తర్వాత మౌంట్ ఫోల్డర్ పేరు మార్చేయండి, కొత్త పెళ్లి ఫైళ్లు దాంట్లోనే ఉన్నాయి, మార్చకుండా మౌంట్ చేస్తే డిస్కు వాటి మీద కప్పేసినట్టై అవి కనబడకుండా పోతాయి, చాలామంది ఇక్కడే కంగారుపడి మళ్లీ మొదటికొస్తారు. పాత పేరుతోనే ఖాళీ ఫోల్డర్ చేసి, ఛాట్ఆర్ కమాండ్‌తో ప్లస్ ఐ (మార్పులు కుదరకుండా వేసే తాళం) పెట్టండి, ఇకమీదట డిస్కు తగలకపోతే దాంట్లోకి ఎవరూ రాయలేరు, వెంటనే ఎర్రర్ వస్తుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీబీ1 తీసేసి డిస్కు యూయూఐడీ, అంటే బూట్ అయినప్పుడల్లా మారిపోని దాని సొంత గుర్తింపు నంబరు రాయండి, అది బీఎల్‌కేఐడీ కమాండ్ చూపిస్తుంది. మౌంట్ చేసి ఆ పెళ్లి ఫైళ్లు డిస్కులోకి కాపీ చేసుకున్నాక, అన్నీ ఓపెనవుతున్నాయో లేదో చూసి మరీ ఎస్ఎస్‌డీలోవి తీసేయండి.

పలాస_కుర్రోడు:
బొబ్బిలి అన్న చెప్పింది కరెక్టే గానీ, డిస్కు లేకుండా సర్వర్ లేచిందంటే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో నోఫెయిల్ (డిస్కు లేకపోయినా బూట్ అవ్వమనే ఆప్షన్) ఉన్నట్టే, అది కూడా తీసేస్తే మంచిది కదా? 2018లో తిత్లీ తుపానుకి మా పలాసలో రోజుల తరబడి కరెంటు లేదు, మన వైపు ఏటా ఏదో ఒక తుపాను తప్పదు, డిస్కు లేనప్పుడు సర్వర్ లేవకపోవడమే నయం.

బొబ్బిలి_లైనక్స్:
వద్దు తమ్ముడూ. నోఫెయిల్ తీస్తే బూట్ మధ్యలో ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోద్ది, ఆ సర్వర్‌కి మానిటర్ కూడా ఉండకపోవచ్చు, కింద షాపులో కూర్చున్న మనిషికి ఏం జరిగిందో తెలీదు. నోఫెయిల్ ఉంచి ఫోల్డర్‌కి తాళం వెయ్యడమే మేలు.

లాంతర్ల_స్టూడియో:
బాబూ మీకు వెయ్యి దండాలు! పాత ఫోల్డర్లన్నీ వచ్చేశాయి, సిరిమానుతో సహా. ఎఫ్ఎస్‌సీకే ఏవో చిన్నవి సరిచేసింది. పెళ్లి ఫైళ్లు ఇప్పుడే కాపీ అవుతున్నాయి. ఒక్క డౌటు, వాడిన సైజూ ఖాళీ సైజూ కలిపితే 3.6 రావట్లేదు, దగ్గర దగ్గర 200 జీబీ తేడా ఉంది.

పలాస_కుర్రోడు:
అది పోయింది కాదండి. ఈఎక్స్‌టీ4 అనే లైనక్స్ డిస్కు ఫార్మాట్ మామూలుగా 5 శాతం రూట్ (అడ్మిన్) కోసం పక్కన పెట్టుకుంటుంది, 4 టీబీలో 200 జీబీ అంటే అదే. ఫొటోల డిస్కుకి అంత అక్కర్లేదు, ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌లో మైనస్ ఎం తో 1 శాతం చేసుకోండి, ఓఎస్ ఉన్న ఎస్ఎస్‌డీ జోలికి మాత్రం వెళ్లకండి. కాపీ పూర్తయ్యాకే చెయ్యండి.