వానకోయిలా, వానకోవెలా?

కోవూరు నుంచి:
నిన్న సాయంత్రం చెరువుకట్ట దగ్గర కరెంటు తీగ నిండా పిట్టలు బారుగా వాలి ఉన్నాయి. చూడగానే అమ్మమ్మ మాట గుర్తుకొచ్చింది. “వానకోయిల వరుస కడితే నారుమడికి నీళ్లు కట్టు.” దీనికి రెండో పాదం ఉండేది, అదే అందడం లేదు. ఎవరైనా విన్నారా? ఆమె కోయిల అన్నదో కోవెల అన్నదో కూడా ఇప్పుడు తేల్చుకోలేకపోతున్నాను.

కందుకూరు నుంచి:
కోవెలే. గుడి గోపురాల్లో గూళ్లు కట్టుకునే పిట్ట కనుక ఆ పేరు. పొద్దు వాలే వేళ ఏ పాత గాలిగోపురం ముందు నిలబడినా కొడవలి రెక్కలతో కీచుమంటూ చుట్టూ తిరుగుతుంటాయి. ఒళ్లంతా నలుపు, గొంతు తెలుపు, నడుము మీద తెల్లని పట్టీ.

కావలి నుంచి:
అయ్యా, ఆ పిట్ట తీగ మీద వాలదు. వాలలేదు కూడా. ఒకసారి గుడి మండపంలో నేల మీద పడి ఉన్నదాన్ని చేతిలోకి తీసుకున్నాను. నాలుగు వేళ్లూ ముందుకే ఉన్నాయి. నా చొక్కాకు గోళ్లు గుచ్చి వేలాడింది తప్ప నిలబడలేదు. అరచేయి పైకెత్తితే గాలిలోకి జారి వెళ్లిపోయింది. “వరుస కడితే” అన్న మాట ఉన్నంతవరకు గోపురం పిట్ట కుదరదు.
కోవూరు వారూ, నుదురూ గొంతూ ఇటుక రంగా? గొంతు కింద నల్లని పట్టీ ఉందా?

కోవూరు నుంచి:
గొంతు ఎర్రనే, పట్టీ కూడా ఉంది. వీపు నీలంగా మెరిసింది. తోక మాత్రం కొన్నింటికే పొడవుగా చీలి ఉంది.

కావలి నుంచి:
తోక పొట్టివి పిల్లలు. తల మీద ఎర్ర టోపీ, కింద మచ్చలేని తెలుపు, తోకకు రెండు సన్నని తీగలు ఉంటే అది మరో జాతి. బూడిద రంగుతో, లావు ముక్కుతో, ఒకదానికొకటి ఒరుసుకుని కూర్చుంటే తాటిపిట్ట. అది ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది, దాన్ని చూసి ఎవరూ నారుమడి తడపరు.

ఒంగోలు నుంచి:
నిఘంటువులు వానకోయిల అంటే చాతకమంటాయి. తల మీద జుట్టున్న నలుపు తెలుపు పిట్ట. దాన్ని వదిలి ఎక్కడికి పోతున్నారు?

కావలి నుంచి:
చాతకం బారులు తీరగా మీరు చూశారా? పైగా అది ఆఫ్రికా నుంచి నైరుతి వానలతో వస్తుంది. మన చెరువులు నిండేది ఈశాన్యంతో. ఎర్రగొంతు పిట్ట ఉత్తర దేశాల నుంచి సెప్టెంబరులో దిగడం మొదలుపెడుతుంది, వెనకే మన వాన వస్తుంది. నెల్లూరు వానకు కోయిల ఇదే. దేశమంతటి వానను మన ఊరి మాట మీద రుద్దవద్దు.

దర్శి నుంచి:
ఈశాన్యం మాట రాగానే ఎర్రన గుర్తుకొచ్చాడు. నన్నయ శరద్రాత్రుల దగ్గర ఆగిన అరణ్యపర్వాన్ని ఆయన శరదృతువు ఉదయాలతోనే అందుకున్నాడు. “నిరస్తనీరదావరణములై” అన్నాడు, మబ్బుల ముసుగు తొలగిందని. గుడ్లూరు మనిషి! ఆశ్వయుజ కార్తికాల్లో మన తీరం మీద మబ్బు తొలగేదెక్కడ? అయినా ఆ పద్యం చదివితే ఆకాశం విచ్చుకుంటుంది. హంసలూ సారసాలూ తుమ్మెదలూ ఉన్నాయందులో, వానకోయిల లేదు.

కందుకూరు నుంచి:
శరత్తు వర్ణనకు సంప్రదాయం ఉంది, ఆయన తన ఊరి వాతావరణం రాయలేదు. నా మాట కోవెల దగ్గరే ఉంది. యకార వకారాలు మారడం మామూలే. కోయిల, కోవెల రెండూ పిట్టకూ గుడికీ చెల్లిన మాటలే.

ఒంగోలు నుంచి:
రెండూ చెల్లితే గోపురం వాదన నిలవదు కదండీ.

కోవూరు నుంచి:
రాత్రి మా పెద్దమ్మకు ఫోను చేశాను. రెండో పాదం ఆమెకూ గుర్తులేదు. మొదటి మాట మాత్రం “వానగువ్వ” అని గట్టిగా అంటోంది.