అప్‌డేట్: అమ్మతో మూడు రోజుల ఇస్తాంబుల్, వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న, మాంసం ముట్టని అమ్మతో మూడు రోజుల్లో ఇస్తాంబుల్ చూడగలమా అని అడిగాను కదా. హాయిగా చూసొచ్చాం. పాత నగరంలోని సుల్తానహ్మెట్ పేటలోనే రూమ్ తీసుకోమన్నవారికి థాంక్స్, మమ్మల్ని కాపాడింది అదే. 537 నాటి హగియా సోఫియా (ఒకప్పటి చర్చి, ఇప్పటి మసీదు) నడిచే దూరం, మిగతాదంతా టి1 ట్రామ్.

మేం దిగింది మంగళవారం, టోప్‌కాపి ప్యాలెస్‌కి సెలవు. దాన్ని మర్నాటికి జరిపి బసిలికా సిస్టర్న్‌కి, అంటే నేల కింద ఉన్న పాతకాలపు నీటి తొట్టికి వెళ్లాం. మెట్లు దిగడానికి అమ్మ కాస్త కష్టపడింది. తీరా దిగాక, 336 స్తంభాలున్న ఆ చీకటి నీళ్లలో తలకిందులుగా ఉన్న మెడూసా (గ్రీకు కథల్లో పాముల జుట్టున్న ఆడది) రాతి తల దగ్గర పావుగంట కదల్లేదు!

తిండి టెన్షన్ దండగ. మెర్జిమెక్ చోర్బా అనే అక్కడి పప్పు సూప్ మన పప్పుచారుకి చెల్లెలే. మాంసం నీళ్లతో కాచారేమో మాత్రం అడగండి. మోసుకెళ్లిన పులిహోర ప్యాకెట్లు అలాగే ఇంటికొచ్చాయి.