పీవీ గారిది అసలు ఏ ఊరు? లక్నేపల్లా, వంగరా, కరీంనగరా?

అడిగింది: మల్కాజిగిరి మమ్మీ
మా పాపకి స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారండీ, తెలంగాణ నుంచి వచ్చిన జాతీయ నాయకుడి చిన్నతనం, కుటుంబం గురించి రాసుకురమ్మని. పీవీ నరసింహారావు గారిని తీసుకున్నాం. ఒకచోట లక్నేపల్లిలో పుట్టారని ఉంది, ఇంకోచోట వంగర, ప్రధానుల సర్కారీ వెబ్‌సైట్‌లో ఏమో కరీంనగర్ అని ఉంది. తండ్రి పేరు కూడా ఒకచోట సీతారామారావు, ఇంకోచోట రంగారావు. ఏది రాయాలి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్, సోమవారం సబ్‌మిట్ చేయాలి.

వరంగల్ పిలగాడు:
అక్కా మూడూ ఒక లెక్కన కరెక్టే. పుట్టింది 1921 జూన్ 28న లక్నేపల్లిల, నర్సంపేట దగ్గర, అది వాళ్ళమ్మ వాళ్ళ ఊరు. కన్న తల్లిదండ్రులు రుక్మాబాయి, సీతారామారావు. చిన్నప్పుడే పాములపర్తి రంగారావు, రుక్మిణమ్మ దత్తత తీస్కున్నరు, వాళ్ళది వంగర. గందుకే సర్కారు కాయితాలల్ల తండ్రి అంటే రంగారావే. వంగర అప్పట్ల కరీంనగర్ జిల్లా, అందుకని కరీంనగర్ అని రాసిన్రు, ఇప్పుడైతే హన్మకొండ జిల్లాల ఉన్నది, ముల్కనూరు రైతుల సహకార సొసైటీ ఉన్న భీమదేవరపల్లి మండలమే.

కూకట్‌పల్లి కుర్రోడు:
అదేంటి బ్రో, కన్న కొడుకుని అలా ఎలా ఇచ్చేస్తారు? నాకు వినడానికే ఏదోలా ఉంది

వరంగల్ పిలగాడు:
భూములున్న ఇండ్లల్ల వారసుడు లేకుంటే చుట్టాల పిల్లగాన్ని తెచ్చి పెంచుకునుడు మా దిక్కు మామూలు ముచ్చటనే, అప్పుడైతే మరీ. మా తాత కూడా దత్తతకు పోయినోడే, రెండిండ్లకూ తిరిగేటోడు, పండుగ వస్తే ఎటు పోవాల్నో తెలిసేది కాదట. పీవీది కూడా భూస్వాముల ఇల్లే. ఇంకోటి చూడు, 1971ల సీఎం అయినంక భూసంస్కరణలు ముందటేసుకున్నది ఈ దొరల ఇంట్ల పెరిగిన మనిషే, ఆయన కథల నాకు గదే అన్నిటికంటే ఇంట్రెస్టింగ్.

రిటైర్డ్ మాస్టారు, సైనిక్‌పురి:
అమ్మా, పాప ప్రాజెక్టులో చదువు సంగతి తప్పకుండా పెట్టించండి. కొంత ప్రాథమిక విద్య కట్కూరులో బంధువుల ఇంట్లో ఉండి చదివారు. నిజాం రాజ్యంలో పై చదువు ఉర్దూలోనే సాగేది, ఇంట్లో తెలుగు బళ్ళో ఉర్దూ, ఇవాళ్టి పిల్లలకి ఇంగ్లీషు మీడియం ఉన్నట్టే అనుకోండి. వందేమాతరం పాడనివ్వాలని విద్యార్థులు చేసిన ఉద్యమంలో ఉన్నందుకు 1938లో ఇక్కడ చదువు ఆగిపోయింది. దాంతో సరిహద్దు దాటి వెళ్ళి పుణె ఫెర్గూసన్ కాలేజీలో బీఎస్సీ, నాగ్‌పూర్‌లో లా చదివి, తిరిగొచ్చి హైదరాబాద్‌లో బూర్గుల రామకృష్ణారావు అనే వకీలు గారి దగ్గర జూనియర్‌గా చేరారు. ఆయనకి అన్ని భాషలు ఎలా వచ్చాయని జనం ఆశ్చర్యపోతుంటారు గానీ మరాఠీ, హిందీ వినిపించే ఊళ్ళలో వయసులో ఉండగా గడిపితే కొంత దానంతటదే అబ్బుతుంది, మిగతాది ఆయన పట్టుదల.

మల్కాజిగిరి మమ్మీ:
చాలా థాంక్స్ మాస్టారూ, తమ్ముడూ నీకు కూడా. భార్య, పిల్లల గురించి ఎవరైనా చెప్తారా? నెట్లో అందరూ 1991 బడ్జెట్ దగ్గరే ఆగిపోతున్నారు.

నర్సంపేట ఆడబిడ్డ:
నేను చెప్తా వదినా. భార్య పేరు సత్యమ్మ. పెండ్లి 1931ల అయింది, పీవీకి అప్పటికి పదేండ్లు. చిన్నపిల్లల పెండ్లిళ్ళు వద్దనే శారదా చట్టం అప్పటికే వచ్చింది కానీ అది బ్రిటిష్ ఇండియాకే, నిజాం రాజ్యంల వర్తించదు. ముగ్గురు కొడుకులు, అయిదుగురు ఆడపిల్లలు. పెద్దకొడుకు రంగారావు రాష్ట్రంల మంత్రిగ చేసిండు, పెంచిన నాయన పేరే కొడుక్కి పెట్టుకున్నడు చూడు. ఇంకో కొడుకు రాజేశ్వరరావు ఎంపీగ చేసిండు, బిడ్డ వాణీదేవి 2021ల ఎమ్మెల్సీ అయింది. ఆయన ఉద్యమాలు, కోర్టు, 1957 నుంచి మంథని ఎమ్మెల్యేగిరీ అనుకుంట తిరుగుతుంటే వంగరల ఇల్లు, పొలం, జీతగాళ్ళు, ఇంతమంది పిల్లలు అన్నీ ఆమె మీదనే నడిచినయ్. ఆమె 1970ల పోయింది, ఆయన సీఎం అయింది తర్వాతి ఏడాది. చార్టు మీద ఆమె పేరు కూడా రాయించు వదినా, మంచిగ కనవడేటట్టు.

కూకట్‌పల్లి కుర్రోడు:
ఎనిమిది మంది పిల్లలు!! వంగరలో ఆ ఇల్లు ఇంకా ఉందా బ్రో? ఆదివారం బైక్ మీద వెళ్దామని

వరంగల్ పిలగాడు:
ఉన్నది. హుస్నాబాద్ మీద నుంచి రా, ముల్కనూరు దాటంగనే ఎవరినడిగినా చూపెడ్తరు.