పాపకు "నియా" అనే స్వాహిలి పేరు: అర్థం, వాడుక, స్పెల్లింగ్ చెప్పగలరా?

లబ్బీపేట_నాన్న:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. పాపది అనూరాధ రెండో పాదం, "నీ" అక్షరం వచ్చింది. బారసాలకు "నియా" అనుకుంటున్నాం. పేర్ల సైట్లలో ఒకటేమో సంస్కృతం, "కాంతి" అంటోంది. ఇంకొకటి తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలి, "సంకల్పం" అంటోంది. ఏది నిజం? అక్కడివాళ్లు నిజంగా ఈ పేరు పెట్టుకుంటారా? ఇంగ్లీషులో ఎలా రాయిస్తే తర్వాత ఇబ్బంది ఉండదు? ఇంట్లో పెద్దవాళ్లు అర్థం అడుగుతున్నారు, గట్టి జవాబు కావాలండీ.

బ్రాడీపేట_నిఘంటువు:
సంకల్పం అన్నదే సరైనది. స్వాహిలిలో "నియా" రోజూ వాడే మామూలు మాట. ఉద్దేశం, సంకల్పం, మనసులో గట్టిగా అనుకున్నది అని అర్థం. "పెన్యే నియా పనా న్జియా" అని వాళ్లకో సామెత ఉంది: సంకల్పం ఉన్నచోట దారి ఉంటుంది. టాంజానియా, కెన్యాల్లో బడిపిల్లలకు కూడా నోటికొచ్చే సామెత ఇది. పెద్దవాళ్లకు అర్థం చెప్పాలంటే ఇది చెప్పండి, చాలు.

మాట పుట్టుక మాత్రం అరబ్బీలో, "నియ్య" నుంచి. తూర్పు ఆఫ్రికా తీరంలో వందల ఏళ్లు సాగిన అరబ్బు వర్తకం వల్ల స్వాహిలిలోకి ఇలాంటి మాటలు చాలా చేరాయి. మన గుంటూరు పాతబస్తీలో నమాజుకు, రోజాకు ముందు చెప్పుకునే "నియ్యత్" కూడా ఈ మాటే.

సంస్కృతం అనడానికి ఆధారం లేదు. "నీ" ధాతువు నుంచి నేత, నీతి, నాయకుడు వస్తాయి కానీ నియా రాదు. "కాంతి" అనే అర్థం ఐరిష్ పేరు "నీవ్"ది. వేల్స్‌లో దాన్ని "నియా" అంటారు. పలకడం ఒకటే, పుట్టుక వేరు. చాలా సైట్లు ఈ రెండింటినీ కలిపేసి పైన సంస్కృతం అని ముద్ర వేస్తున్నాయి. ఏ నిఘంటువులో ఉందో చెప్పని సైటును నమ్మి పిల్లలకు పేర్లు పెట్టొద్దని నా మనవి.

దారెస్సలాం_గుంటూరోడు:
పైన చెప్పినవన్నీ సరే. వాడుక సంగతి నేను చెప్తాను. టాంజానియాలో ఆడపిల్లల పేరుగా నియా వినబడుతుంది గానీ నీమా, జవాది, రెహెమా, ఆశా లాగా వీధికొకరు ఉండరు. (అక్కడి ఆశా మన ఆశ కాదు, ఆయిషాకు స్వాహిలి రూపం.) నియా పేరుగా బాగా పాకింది అమెరికా నల్లజాతివాళ్లలో. 1966లో నల్లజాతి ఉద్యమకారుడు మౌలానా కరెంగా కాలిఫోర్నియాలో క్వాంజా అనే పండుగ మొదలుపెట్టారు. డిసెంబర్ 26 నుంచి జనవరి 1 దాకా ఏడు రోజులు, రోజుకో సూత్రం. సూత్రాల పేర్లన్నీ స్వాహిలివే. ఐదోది నియా, అంటే డిసెంబర్ 30. ఏడోది ఇమాని, విశ్వాసం. ఆ రెండూ అక్కడ ఆడపిల్లల పేర్లుగా స్థిరపడ్డాయి.

ఎంతమందికి ఉందో చూడాలంటే అమెరికా సోషల్ సెక్యూరిటీ వాళ్ల సైట్‌లో 1880 నుంచి ఏడాదివారీ లెక్కలు ఉంటాయి. ఏడాదిలో ఐదుగురికన్నా తక్కువమందికి పెట్టిన పేర్లు మాత్రం అందులో కనబడవు.

పలికేటప్పుడు స్వాహిలిలో ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. అంటే "నీ" మీద. జాతకం అక్షరానికి అది అచ్చంగా సరిపోయింది.

గవర్నర్‌పేట_జిరాక్స్:
స్పెల్లింగ్ దగ్గర జాగ్రత్త. స్వాహిలిలో ఉన్నట్టే ఎన్, ఐ, ఏ అని మూడే అక్షరాలు రాయిస్తే పాస్‌పోర్టులో అన్నీ పెద్దక్షరాల్లో పడతాయి. మన దేశంలో అది చూడగానే ఎవరికైనా జాతీయ దర్యాప్తు సంస్థ గుర్తొస్తుంది. పైగా కొందరు "నైయా" అని చదువుతారు. మధ్యలో వై పెట్టి ఎన్, ఐ, వై, ఏ అని రాయిస్తే రెండు చిక్కులూ తీరతాయి. నా ఓటు దానికే.

బారసాల దాకా తొందరపడక్కర్లేదు. పేరు లేకుండానే జననం నమోదవుతుంది, అది మాత్రం 21 రోజుల్లోపు జరగాలి. 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే రుసుము ఉండదు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టినవాళ్లకు బడికీ పాస్‌పోర్టుకీ పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే మూలం. అందులో ఏ స్పెల్లింగ్ పడితే జీవితాంతం అదే.

ఆధార్ తీయించేటప్పుడు ఇంగ్లీషు గడి నింపగానే తెలుగు గడి దానంతటదే నిండుతుంది. అక్కడ "నియ" అనో "నైయా" అనో పడే అవకాశం ఎక్కువ. ఆపరేటర్ సేవ్ చేయకముందే చూసి సరిచేయించండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండు అవకాశాలే ఉంటాయి.

ఇంటిపేరు, పేరు వేర్వేరు గడుల్లో రాయించండి. పేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసా మీద పేరుకు బదులు ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని వస్తుంది.

లబ్బీపేట_నాన్న:
చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. వై పెట్టే రాయిస్తాం. నీమా కూడా "నీ"తోనే మొదలవుతుంది కదా, దాని అర్థం ఏమిటండీ?

బ్రాడీపేట_నిఘంటువు:
కృప, అనుగ్రహం. అరబ్బీ "నిఅ్‌మ" నుంచి వచ్చింది. స్వాహిలి బైబిల్లో కృపకు వాడే మాట అదే కాబట్టి అక్కడ ముస్లింలూ క్రైస్తవులూ ఇద్దరూ పెట్టుకుంటారు. అర్థం చక్కనిదే గానీ, ఇంగ్లీషులో రాస్తే మొదటి నాలుగు అక్షరాలు వేపచెట్టు అవుతుంది. నియాకే ఉండండి.