ట్రెడ్‌మిల్ పరీక్షలో వచ్చిన వీఓ2 మ్యాక్స్‌ను నమ్మవచ్చా?

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తే కొందరికి శిక్షణ ఇస్తుంటాను. వారిలో ఒకమ్మాయికి వీఓ2 మ్యాక్స్ (తీవ్ర శ్రమలో శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్) తెలుసుకోవడానికి ట్రెడ్‌మిల్‌పై బ్రూస్ పద్ధతిలో పరీక్ష చేశారు. గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం వాలుతో మొదలై 3 నిమిషాలకోసారి రెండూ పెరుగుతాయి. ఊపిరి ఇంకా అందుతుండగానే పిక్కలు పట్టేసి ఆగిపోయింది. చివర్లో పక్క కడ్డీలు గట్టిగా పట్టుకునే ఉంది. శ్వాసవాయువులను కొలిచే మాస్కు లేదు, ఎంతసేపు నిలిచిందో దాన్ని బట్టి వీఓ2 మ్యాక్స్ అంకె లెక్కగట్టారు. కడ్డీలు పట్టుకుంటే అంకె పెరుగుతుంది, పిక్కలు ముందే అలిసిపోతే తగ్గుతుంది. మరి దేన్ని నమ్మి శిక్షణ మార్చాలి?

తక్కువ వాలుపై వేగం మెల్లగా పెంచుతూ 8 నుంచి 12 నిమిషాల్లో ముగించే పరీక్షే ఆమెకు సరైనదని నా అభిప్రాయం. శ్వాసవాయువులను నేరుగా కొలుస్తూ అలా చేసేవారు నగరంలో ఎవరైనా ఉన్నారా? తర్వాత పోల్చుకోవడానికి అదే యంత్రం తప్పనిసరా? అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.