‘కబురు’, ‘కబుర్లు’: బహువచనం తెచ్చిన తేడా

‘కబుర్లు’ అన్నది ‘కబురు’కు బహువచనమే అయితే అర్థంలో ఇంత తేడా ఎందుకు వచ్చిందని నిన్న ఒక సభ్యురాలు అడిగారు. రూపాన్ని బట్టి అది బహువచనమే. అరబ్బీ ‘ఖబర్’ పారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరి ‘కబురు’ అయింది. వార్త అనే మూలార్థం ఏకవచనంలో చెక్కుచెదరలేదు: పెళ్లి కుదిరిందని కబురు పంపుతాం, చావు కబురు చల్లగా చెప్పాడని ఒకరిని తిట్టుకుంటాం. బహువచనంలో మాత్రం క్రియ మారిపోతుంది. కబుర్లను పంపడం కంటే చెప్పుకోవడమే ఎక్కువ. ఆ ‘కొను’లోనే అసలు సంగతి ఉందని నా అభిప్రాయం. ‘కబురు చెప్పాను’ అంటే అవతలివారికి తెలియనిది తెలిపానని. ‘కబుర్లు చెప్పుకున్నాం’ అన్నప్పుడు తెలియనిది ఒక్కటైనా ఉండనక్కరలేదు. ‘వట్టి కబుర్లు’ అనే ఈసడింపు కూడా అక్కడి నుంచే వచ్చి ఉండాలి.

మా శ్రీకాకుళం వైపు వాడుక దీనికి మంచి సాక్ష్యం. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషను బయట ఆటో కోసం నిలబడిన ఇద్దరు ఎదురుపడితే, ఒకరు “ఏటి బావూ, కబుర్లేటి?” అంటారు, రెండోవారు “ఏటున్నాయి, నువ్వే సెప్పాల” అంటారు. ఏమీ లేవని ఒప్పుకున్న తరువాతే అరగంట సంభాషణ మొదలవుతుంది. ట్రోబ్రియాండ్ దీవుల్లో పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ, ఇటువంటి మాటల పని సమాచారం అందించడం కాదనీ, మనుషుల నడుమ సంబంధాన్ని నిలపడమనీ 1923లో వాదించి, వాటికి ప్రత్యేకంగా ఒక పేరు కూడా పెట్టారు. మనకు ఆ పేరుతో పని పడకపోవడానికి ‘కబుర్లు’ ముందే ఉండడం కారణమేమో (ఇది కొంచెం గొప్పగా చెప్పుకోవడమే, మన్నించాలి).

‘మాట’ కూడా ఇదే దారిలో నడిచింది. “వాళ్లకీ మాకూ మాటల్లేవు” అన్నప్పుడు లేనిది సమాచారం కాదు, రాకపోకలు. పొలంగట్టు తగాదాతో ఏళ్ల తరబడి పలకరింపు లేని రెండు ఇళ్ల మధ్య కూడా చావు కబురు ఆగదు, మూడో మనిషి చేతనైనా పంపుతారు. ఆ ఇళ్ల మధ్య లేనివల్లా కబుర్లే.

పదిమందికి పంపిన పది సందేశాలను కాక, ఈ చెప్పుకునే కబుర్లనే ‘పంపించారు’ అనే వాడుక విజయనగరం వైపు గాని, మరెక్కడైనా గాని విన్నవారుంటే, సందర్భంతో సహా ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను.